మొక్క కణంలో వైరస్ నడక

పొగాకు నారుమడిలో కలుపు తీసే మనిషి చెయ్యి ఆకును రాసుకున్నప్పుడు ఆకు మీది నూగులో ఒకటి రెండు వెంట్రుకలు విరుగుతాయి. ఆ చేతికి అంతకుముందే తెగులు మొక్క రసం అంటి ఉంటే, విరిగిన వెంట్రుక దగ్గరి కణంలోకి టొబాకో మొజాయిక్ వైరస్ చేరుతుంది. చుట్ట తాగిన చేత్తో నారు ముట్టుకోవద్దని రైతుకు చెప్పేది ఇందుకే. ఆరబెట్టిన పొగాకులో కూడా ఈ వైరస్ ఏళ్ల తరబడి చెడకుండా ఉంటుంది. లోపలికి వెళ్లింది ఒక్క కణంలోకే అయినా, కొద్ది రోజులు గడిచేసరికి మొవ్వులోని లేతాకులు ముదురాకుపచ్చ, లేతాకుపచ్చ మచ్చలతో గళ్ళ గుడ్డలా తయారవుతాయి. ఈ మధ్యకాలంలో వైరస్ వేలకు వేల కణాల గోడలు దాటింది. అన్ని గోడలు దాటిన ఆ వస్తువుకు కదిలే అవయవం లేదు, దాన్ని కదిపే యంత్రం లేదు, ఖర్చు చేయడానికి సొంత శక్తీ లేదు.

దానికి ఉన్నది చాలా తక్కువ. 300 నానోమీటర్ల పొడవు, 18 నానోమీటర్ల మందం ఉన్న ఒక కడ్డీ. ఆ కడ్డీ చుట్టూ మెట్లమెట్లుగా పేర్చిన 2130 కవచ ప్రొటీన్ ముక్కలు. లోపల సుమారు 6,400 అక్షరాల ఆర్ఎన్ఏ పోగు. ఆ పోగులో రాసి ఉన్న ప్రొటీన్లు నాలుగే. రెండు పెద్దవి, ఆర్ఎన్ఏకు నకళ్లు తీసేవి. ఒకటి కవచం. మిగిలిన నాలుగోది 30 కిలోడాల్టన్ల ప్రొటీన్, దాన్నే చలన ప్రొటీన్ అంటారు. బేజెరింక్ అనే శాస్త్రవేత్త 1898లో ఈ తెగులుకు కారణం సూక్ష్మజీవి కాదని, ప్రాణమున్న అంటుద్రవమని అన్నాడు. స్టాన్లీ 1935లో దాన్ని స్ఫటికాలుగా పట్టి చూపించాడు. కవచం, ఆర్ఎన్ఏ వివరంగా తెలిశాక కూడా, కణం నుంచి కణానికి ఇది ఎలా దాటుతుందన్న ప్రశ్న చాలా ఏళ్లు అలాగే ఉండిపోయింది.

జంతువుల వైరస్‌కు ఈ చిక్కు ఇంతగా లేదు. కణం పొరను చీల్చుకునో, పొరనే ఒంటికి చుట్టుకునో బయటపడి పక్క కణానికి అంటుకుంటుంది. మొక్క కణం చుట్టూ సెల్యులోజుతో కట్టిన గోడ ఉంది. ఆ గోడలోంచి పోయే దారి ఒక్కటే, 1879లో టాంగ్ల్ కనిపెట్టిన సన్నటి కణద్రవ్య బంధాలు. ప్లాస్మోడెస్మాటా అనే పేరు వాటికి తర్వాత వచ్చింది. ఇరుగుపొరుగు ఇళ్ళ మధ్య గోడకు పెట్టిన చిన్న కిటికీల్లా ఇవి రెండు కణాల ద్రవ్యాన్ని కలుపుతాయి. కిటికీ వెడల్పు దాదాపు 50 నానోమీటర్లే, అందులోనూ నడిమధ్యన అంతర్జీవద్రవ్యజాలం పేలికొకటి కర్రలా దూరి ఉంటుంది. మిగిలిన సందులోంచి చక్కెరలు, లవణాలు, చిన్న అణువులు పోతాయి. మడతలు పడ్డ ఆర్ఎన్ఏ ముద్ద అందులో పట్టదు. కనుక వైరస్‌కు రెండు పనులు పడ్డాయి. కణం లోపల ఎక్కడో తయారైన ఆర్ఎన్ఏను కిటికీ దాకా చేర్చాలి, తర్వాత కిటికీని వెడల్పు చేయించాలి. ఈ రెండు పనుల్లోనూ దానికి ఎదురయ్యేది మొక్క కణాస్థిపంజరమే.

అస్థిపంజరం అన్న మాట ఇక్కడ కొంత తప్పుదారి పట్టిస్తుంది. ఎముకలు కదలకుండా నిలబడి ఉంటాయి. కణం పంజరం మాత్రం నిమిషనిమిషానికి ఒక కొసన కూలుతూ, మరో కొసన లేస్తూ ఉంటుంది. అందులో ఒక రకం మైక్రోట్యూబ్యూళ్లు, అంటే సూక్ష్మనాళికలు. ట్యూబ్యులిన్ ప్రొటీన్ జంటలు వరుసకట్టి, అలాంటి 13 వరుసలు గుండ్రంగా అతుక్కుని, 25 నానోమీటర్ల గొట్టం అవుతాయి. మొక్క కణంలో ఇవి ఎక్కువగా పొర కిందనే, పందిరికి పరిచిన వాసాల్లా ఉంటాయి. రెండో రకం ఆక్టిన్ తంతువులు, 7 నానోమీటర్ల సన్నటి పోగులు. వాటి మీద మయోసిన్ అనే మోటారు ప్రొటీన్లు సరుకు మోస్తూ నడుస్తాయి. ఆవాలకు చుట్టమైన అరబిడాప్సిస్ మొక్కలో మయోసిన్లు 17 ఉన్నాయి. వాటిలో 4 ఎనిమిదో తరగతికి, 13 పదకొండో తరగతికి చెందినవి. చెరువుల్లో పెరిగే కారా నాచు కణంలో ద్రవ్యం గిర్రున తిరగడం మామూలు సూక్ష్మదర్శినికే కనిపిస్తుంది. 1774లో కోర్టి చూసింది ఈ ప్రవాహాన్నే. దాన్ని నడిపేది ఆక్టిన్ మీద పరుగెత్తే మయోసిన్. ఇలా మొక్క తన అవసరానికి వేసుకున్న పట్టాలు, బండ్లు సిద్ధంగా ఉన్నాయి. వైరస్ ఎక్కవలసింది ఈ పట్టాల మీదే, కానీ ఏ పట్టా మీద, ఎప్పుడు అన్నదాన్ని తేల్చడం చాలా కష్టమైంది.

చలన ప్రొటీన్ అనేదొకటి ఉందని తెలియడానికి దారి చూపింది జపానులో దొరికిన ఒక ఉత్పరివర్తిత వైరస్, ఎల్ఎస్1. చల్లని ఇంట్లో, అంటే 22 డిగ్రీల దగ్గర, అది మామూలు వైరస్‌లాగే ఆకంతా పాకేది. 32 డిగ్రీల దగ్గర ఎక్కిన కణంలోనే ఉండిపోయేది. గోడ తీసేసిన విడి కణాల్లో ఉంచితే మాత్రం 32 డిగ్రీల దగ్గర కూడా చక్కగా పెరిగింది. కాబట్టి దెబ్బతిన్నది పెరిగే శక్తి కాదు, దాటే శక్తి. జన్యువు చదివి చూస్తే 30 కిలోడాల్టన్ల ప్రొటీన్‌లో ఒక్క ప్రోలీన్ ఉండవలసిన చోట సెరీన్ ఉంది. 1987లో శాస్త్రవేత్త బీచీ బృందం ఈ ప్రొటీన్ జన్యువును పొగాకు మొక్కకే పెట్టింది. ఆ మొక్కలో ఎల్ఎస్1 వేడిలోనూ పాకింది. వైరస్‌కు లేని కాలును మొక్క ఇచ్చినట్టయింది. 1989లో అలాంటి మొక్కల ఆకుల్లోకి వెలిగే రంగు కలిపిన అణువులను ఎక్కించి చూశారు. మామూలు ఆకు కిటికీ 700-800 డాల్టన్లకు మించిన అణువును పోనివ్వదు. చలన ప్రొటీన్ ఉన్న ఆకులో 9,400 డాల్టన్ల అణువు కూడా పక్క కణంలోకి పోయింది. మరుసటి ఏడాదే ఈ ప్రొటీన్ ఒంటిపోగు ఆర్ఎన్ఏను పట్టుకుంటుందని, తర్వాత అలా పట్టుకున్నప్పుడు ఆర్ఎన్ఏ మడతలు విప్పుకుని సుమారు 2 నానోమీటర్ల సన్నటి దారంలా సాగుతుందని తేలింది. కవచ ప్రొటీన్ లేకపోయినా ఈ వైరస్ పక్క కణానికి దాటుతుంది. ఆకు నుంచి ఆకుకు, నాళాల గుండా దూరం పోవాలంటేనే దానికి కవచం కావాలి.

ఇక్కడి నుంచి కథ వెలుగు మీద ఆధారపడింది. జెల్లీఫిష్ నుంచి తీసిన జీఎఫ్‌పీ అనే ఆకుపచ్చగా వెలిగే ప్రొటీన్‌ను వేరే ప్రొటీన్లకు తోకలా తగిలించి బతికున్న కణంలో చూడవచ్చని 1994లో తెలిసింది. మరుసటి సంవత్సరమే అమెరికాలోని రెండు బృందాలు, హైన్‌లైన్, ఎపెల్, బీచీలది ఒకటి, మెక్‌లీన్, జాంబ్రిస్కీలది మరొకటి, చలన ప్రొటీన్ సూక్ష్మనాళికల వెంబడి గీతలు గీసినట్టు పరుచుకుందని చూపించాయి. ఆక్టిన్ తంతువుల వెంట కూడా కొంత కనిపించింది. పందిరి వాసాలన్నిటికీ పచ్చదీపాలు కట్టినట్టున్న ఆ చిత్రాలు చూసినవారికి ఆర్ఎన్ఏ ఏ దారిన పోతోందో ఇక వేరే చెప్పనక్కరలేదనిపించింది. 2000లో బోయ్‌కో, హైన్‌లైన్ మరో మెట్టు ఎక్కారు. ట్యూబ్యులిన్ వరుసలు ఒకదానికొకటి పక్కపక్కన అతుక్కునే చోట ఒక చిన్న మెలిక ఉంటుంది. చలన ప్రొటీన్‌లోని ఒక భాగం ఆ మెలికను పోలి ఉంది. అక్కడ మార్పు చేస్తే వేడిలో ప్రొటీన్ నాళికలను వదిలేస్తుంది, వైరస్ కూడా ఆగిపోతుంది. చలన ప్రొటీన్ గట్టిగా అంటిన నాళికలు చలికి గానీ మందుకు గానీ తేలిగ్గా కూలవు.

అయితే అవే చిత్రాల్లో ఒక ఇబ్బంది ఉంది. ఆకు మీద వైరస్ ఒక చోట మొదలై గుండ్రంగా విస్తరిస్తుంది కాబట్టి మచ్చ అంచున ఉన్న కణాల్లో అది నిన్నగాక మొన్న అడుగుపెట్టింది, లోపలి వలయాల్లో రోజుల కిందట. చెట్టు మొద్దు మీద వలయాలు చదివినట్టు ఈ మచ్చను బయటి నుంచి లోపలికి చదవవచ్చు. అంచు కణాల్లో చలన ప్రొటీన్ కొద్దిగానే, ముఖ్యంగా కిటికీల దగ్గర చుక్కలుగా కనిపిస్తుంది. వెనక వలయంలో అంతర్జీవద్రవ్యజాలాన్ని పట్టుకున్న ముద్దలుగా ఉంటుంది. ఇంకా వెనక, వైరస్ అప్పటికే ముందుకు దాటిపోయిన కణాల్లో, నాళికలన్నీ జాజ్వల్యమానంగా వెలుగుతాయి. అన్నిటికన్నా పాత వలయంలో ఆ వెలుగూ పోయి కిటికీల చుక్కలే మిగులుతాయి. బండి వెళ్లిపోయాక పట్టాల మీద దీపాలు పెట్టినట్టుంది ఈ వరస. దాంతో నాళికలు దారి కావు, పని అయిపోయిన ప్రొటీన్‌ను చెత్తకుండీకి చేర్చే కాలువలు అన్న వాదం బయల్దేరింది. చలన ప్రొటీన్‌ను కణంలోని ప్రొటియసోమ్ అనే ముక్కలు చేసే యంత్రం కరిగిస్తుందన్న సంగతి 2000లోనే తెలిసింది. 2002లో స్కాట్‌లాండ్ పరిశోధకులు జన్యువును ముక్కలు చేసి కలగలిపి, వేగంగా పాకే వైరస్‌లను ఏరుకుంటూ పోయి ఒక చలన ప్రొటీన్‌ను తయారు చేశారు. అది నాళికలకు దాదాపు అంటుకోలేదు, కానీ వైరస్ మామూలు కంటే పెద్ద మచ్చలు వేసింది. మందుతో గానీ, ట్యూబ్యులిన్ జన్యువును అణచివేసి గానీ నాళికలను చెదరగొట్టినా వైరస్ దాటడం ఆగలేదు. పైగా 2003లో పొగాకులోనే ఒక ప్రొటీన్ దొరికింది. అది చలన ప్రొటీన్‌ను నాళికల మీదే పట్టి ఉంచి, వైరస్ ప్రయాణానికి అడ్డు తగులుతుంది.

ఈ వాదన ఒక పక్షం పూర్తిగా గెలిచి ముగియలేదు. 2008లో మరింత చురుకైన సూక్ష్మదర్శినులతో అంచు కణాల్లో చూస్తే, కంటికి ఆనీ ఆనని చిన్న చలన ప్రొటీన్ రేణువులు పొర కింద జాలం వెంట కాస్త కదులుతూ, నాళికలు అడ్డొచ్చిన చోట ఆగుతూ, మళ్ళీ కదులుతూ కనిపించాయి. వేడికి దెబ్బతినే ఉత్పరివర్తిత చలన ప్రొటీన్ వేడిలో ఈ కదలిక పోగొట్టుకుంది, దానితో పాటే వైరస్ కూడా ఆగింది. నాళికలు కూలి లేచే చురుకు తగ్గిన పొగాకు మొక్కల్లో ఈ వైరస్ తక్కువగా పాకిందన్న ఫలితం కూడా 2010లో వచ్చింది. అంటే నాళిక పట్టా కంటే మజిలీకే ఎక్కువ దగ్గర. ఆర్ఎన్ఏ ఆగే చోటును అది గుర్తు పెట్టి ఉంచుతుంది. ఈ పదేళ్ల తర్జనభర్జనలో అసలు పాఠం పద్ధతికి సంబంధించింది. బాగా వెలిగే చోట ప్రొటీన్ ఎక్కువ ఉందని మాత్రమే తెలుస్తుంది. పని చేసే ప్రొటీన్ పిడికెడే ఉండి, వెలగకుండా ఉండవచ్చు.

ఇంతలో దృష్టి ఆక్టిన్ వైపు మళ్లింది. 2004లో బీచీ బృందం ఆకు పైపొరలోని మొజాయిక్ వైరస్ కర్మాగారాలను, అంటే ఆర్ఎన్ఏ, నకళ్లు తీసే ప్రొటీన్లు, చలన ప్రొటీన్, కొంత పొర కలిసిన ముద్దలను, గంటల తరబడి గమనించింది. ముద్దలు ముద్దలుగానే పక్క కణానికి దాటుతున్నాయి. మొదటి కణంలోంచి బయటపడటానికి చాలా సేపు పట్టింది, తర్వాతి కణాలను చకచకా దాటాయి. సరుకుతో పాటు యంత్రం కూడా వస్తుంటే కొత్త చోట పని మొదటి నుంచి మొదలుపెట్టనక్కరలేదు మరి. ఎర్రసముద్రపు స్పంజిక నుంచి వచ్చే లాట్రంక్యులిన్ అనే మందుతో ఆక్టిన్‌ను కరిగిస్తే ఈ కదలిక చతికిలపడింది. మరుసటి ఏడాది ఓక్లహోమాలో నెల్సన్ బృందం ఈ ముద్దలు ఆక్టిన్ తంతువుల వెంట బారులు తీరి నడవడాన్నీ, వాటిని తంతువుకు తగిలించడంలో 126 కిలోడాల్టన్ల నకలు ప్రొటీన్‌కు పాత్ర ఉండడాన్నీ చూపింది. నకళ్లు తీయడం మాత్రమే దాని పని అనుకున్న ప్రొటీన్ బండి కొక్కెంగా కూడా పనికొచ్చింది. నాలుగు ప్రొటీన్లతో కాపురం నెట్టుకొచ్చే వైరస్ ఇంట్లో ఒక్కొక్కరు రెండు మూడు పనులు చేయడం వింతేమీ కాదు.

2009లో అదే బృందం మరింత గట్టి పరీక్ష పెట్టింది. పదకొండో తరగతి మయోసిన్లలో ఒకటైన XI-2ను అణచివేస్తే టొబాకో మొజాయిక్ వైరస్ వ్యాప్తి కుంటుపడింది. బంగాళదుంప ఎక్స్ వైరస్, టమాటా బుషీ స్టంట్ వైరస్ ఆక్టిన్ చెడితే మందగించాయి గానీ, ఈ మయోసిన్ లేకపోతే పట్టించుకోలేదు. మొజాయిక్ వైరస్‌కు దగ్గరి దాయాది అయిన టర్నిప్ వీన్ క్లియరింగ్ వైరస్‌కు ఆక్టినూ అక్కరలేదు, మయోసినూ అక్కరలేదు. దాయాదుల మధ్యే ఇంత తేడా ఉంటే ‘మొక్కల వైరస్‌లు ఫలానా తంతువు మీద ప్రయాణిస్తాయి’ అని ఒక్క వాక్యంలో రాసే పాఠ్యపుస్తకాలను కొంచెం అనుమానంగానే చదవాలి. అదే ఏడు వచ్చిన మరో ఫలితం ఇంకా కలవరపెట్టేది. ఆక్టిన్‌ను చూడటానికి అందరూ వాడే వెలిగే గుర్తు ప్రొటీన్ ఒకటి ఆక్టిన్‌ను పట్టుకోవడంతోనే వైరస్ నడకను ఆపేసింది. దారి చూద్దామని పెట్టిన దీపస్తంభమే దారికి అడ్డం నిలిచిందన్నమాట. ఆ గుర్తుతో తీసిన పాత చిత్రాలను మళ్ళీ తిరగేసి చూడవలసి వచ్చింది.

కిటికీ దగ్గర ఆక్టిన్ పాత్ర తలకిందులవుతుంది. సైటోకలాసిన్ అనే మందుతో ఆక్టిన్‌ను చెదరగొడితే కిటికీ సందు పెరుగుతుందని, ఫాలాయిడిన్‌తో ఆక్టిన్‌ను గట్టిపరిస్తే పెరగదని 1996లోనే తెలిసింది. కిటికీకి గడియ వేసి ఉంచేది ఆక్టినే అన్నమాట. 2010లో చైనా పరిశోధకులు దోస మొజాయిక్ వైరస్ చలన ప్రొటీన్‌ను తీసుకుని, పరీక్షనాళికలో ఆక్టిన్ తంతువులతో కలిపి చూశారు. ప్రొటీన్ తంతువులను తుంచింది, పొడవాటి పోగులు పొట్టి ముక్కలయ్యాయి. ఆకులో ఇదే ప్రొటీన్ కిటికీని వెడల్పు చేసింది. ముందుగా ఫాలాయిడిన్ ఎక్కిస్తే చేయలేకపోయింది. తుంచే శక్తి పోయిన ఉత్పరివర్తిత ప్రొటీన్ కిటికీని తెరవలేదు. కణం నడుమ దారిగా కావలసిన తంతువు గుమ్మం దగ్గర తెంపవలసిన తాడయింది. ఇది అన్ని వైరస్‌లకూ వర్తిస్తుందని చెప్పలేము. కిటికీ గొంతు చుట్టూ కేలోస్ అనే పిండిజిగురు పేరుకుని బిగించే పద్ధతి మొక్కకు వేరే ఉంది, దాన్ని సడలించేందుకు వైరస్‌లు వేరే దారులు వెతుక్కున్నాయి.

కొన్ని వైరస్‌లు కిటికీని సడలించడంతో సరిపెట్టుకోవు. లోపలి కర్రను తీసిపారేసి, తమ చలన ప్రొటీన్‌తోనే ఒక గొట్టం కట్టి, దాంట్లోంచి నిండు కవచంతో రేణువులను పంపుతాయి. అలసంద మొజాయిక్, ద్రాక్ష ఫ్యాన్‌లీఫ్, కాలీఫ్లవర్ మొజాయిక్ వైరస్‌లు ఈ రకం. అలసంద వైరస్ గొట్టం కట్టడానికి కణపంజరంతో పని లేదు. ద్రాక్ష వైరస్ మాత్రం కిటికీ దగ్గరి పీడీఎల్‌పీ అనే మొక్క ప్రొటీన్‌ను ఆసరా చేసుకుంటుంది. ఆ ప్రొటీన్‌ను అక్కడికి చేర్చేది ఆక్టిన్, మయోసిన్లే కాబట్టి పంజరం అవసరం దొడ్డిదారిన వచ్చిపడుతుంది. తెలుగు రైతుకు వేరుశనగలో మొవ్వుకుళ్ళు తెగులుగా తెలిసిన వైరస్ టాస్పోవైరస్‌ల కుటుంబానిది, తామర పురుగులు మోసేది. ఆ కుటుంబంలో పెద్దదైన టమాటా స్పాటెడ్ విల్ట్ వైరస్ చలన ప్రొటీన్ కూడా గొట్టాలు కడుతుంది. దాని ఆర్ఎన్ఏను కప్పే ప్రొటీన్ ముద్దలు ఆక్టిన్ వెంట కదులుతాయి. 2000లో అనంతపురం వేరుశనగను తుడిచిపెట్టిన కాండం కుళ్ళుకు కారణమైన టొబాకో స్ట్రీక్ వైరస్ వేరే కుటుంబానిది. అయినా దాని చలన ప్రొటీన్, టాస్పోవైరస్‌లది, మొజాయిక్ వైరస్‌ది, అన్నీ 30కె అనే ఒకే పెద్ద వంశం కింద లెక్క. వంశం ఒకటే, నడక తీరు మాత్రం ఎవరిది వారిదే.

కణపంజరంతో వైరస్ ప్రొటీన్ పొత్తు ఎంత దూరం పోగలదో చూడాలంటే కాలీఫ్లవర్ మొజాయిక్ వైరస్‌ను కొంచెం తీరిగ్గా గమనించాలి. ఈ వైరస్ కణంలో రెండు రకాల ముద్దలు కడుతుంది. ఒక రకం పీ6 ప్రొటీన్‌తో కట్టిన కర్మాగారాలు. రేణువుల్లో అత్యధిక భాగం వాటిలోనే ఉంటాయి, అవి ఆక్టిన్ తంతువుల వెంట కదులుతాయి. రెండోది, సాధారణంగా కణానికి ఒక్కటే ఉండే ప్రసార ముద్ద. కణంలోని పీ2 ప్రొటీన్ దాదాపు అంతా ఇందులోనే ఉంటుంది. పీ2 పని పక్క కణానికి దాటించడం కాదు, మొక్క నుంచి మొక్కకు దాటించడం. పేనుబంక సూదిలాంటి తొండం కొసకు పీ2 ఒక పక్క అంటుకుని, రెండో పక్క వైరస్ రేణువును పట్టుకుంటుంది. ఈ పీ2కు సూక్ష్మనాళికలంటే మక్కువ ఉందని 1996లోనే బయటపడింది. కీటక కణాల్లో తయారు చేయించినా పోయి వాటినే పట్టుకుంది. ఎందుకన్నది మాత్రం చాలాకాలం అంతుపట్టలేదు.

జవాబు 2013లో ఫ్రాన్సులోని మోంపెలియే నుంచి వచ్చింది. పేనుబంక ఆకు మీద వాలగానే తాగడం మొదలుపెట్టదు. ముందు పైపొర కణాల్లో తొండంతో కొన్ని క్షణాలు పొడిచి రుచి చూస్తుంది. కణంలోని ప్రసార ముద్దకు ఈ తాకిడి తెలుస్తుంది. క్షణాల్లో ట్యూబ్యులిన్ ఆ ముద్దలోకి చొచ్చుకుపోతుంది. తర్వాత ముద్ద విచ్చిపోయి పీ2 కణమంతటా సూక్ష్మనాళికల వెంట పరుచుకుంటుంది, వైరస్ రేణువులు దానికి తగులుకుని ఉంటాయి. ఒక్క మూల ఉన్న సరుకు ఒక్కసారిగా కణమంతా వల వేసినట్టయింది. తొండం ఎటు పొడిచినా కొసకు పీ2, దాంతో వైరస్ తగులుతాయి. తాకిడి ఆగాక పీ2 నాళికలను వదిలి ముద్ద మళ్ళీ పాత రూపానికి వస్తుంది. ఇక్కడ పరిశోధకులు మొజాయిక్ వైరస్ కథలో వాదనకు తావిచ్చిన అడ్డదారి పట్టలేదు. వెలుగు చిత్రాలతో తృప్తి పడకుండా నాళికలను ఒరైజలిన్ అనే కలుపుమందుతో కూల్చి చూశారు. నాళికలు లేని కణాల్లో ముద్ద వలగా విచ్చుకోలేదు. ఆ కణాలను రుచి చూసిన పేనుబంకల ద్వారా కొత్త మొక్కలకు అంటిన తెగులూ తగ్గింది.